నది మోసే మట్టి – మనం మరచిన లెక్క

తెలుగు పాఠం చెప్పుకొనేవానికి నదీ గణితంతో పనియేమని విద్యార్థి మిత్రులు ప్రశ్నింపవచ్చును. నీరు త్రాగే ప్రతివారికీ ఆ పని ఉన్నదని నా సమాధానం.

మంజీర నదిపై 1923లో ఆరంభమై 1931లో పూర్తయిన నిజాంసాగరాన్ని తలచుకొందాం. ఆ మహానిర్మాణానికి సూత్రధారి నవాబ్ అలీ నవాజ్ జంగ్ బహదూర్. నాడు దాని నిల్వ సుమారు 30 టి.ఎం.సీ.లు, అనగా 3,000 కోట్ల ఘనపుటడుగులు. 1970వ దశకం నాటికి అందులో సగానికి పైగా పూడిపోయింది. ఆనకట్ట చెక్కుచెదరలేదు, జలాశయం కడుపు మాత్రం ఒండ్రుతో నిండింది.

నది నీటిని మాత్రమే తెస్తుందనుకోవడం పొరపాటు. వేగమున్నచోట మట్టిని మోస్తుంది, వేగం తగ్గినచోట దించుతుంది. ఆ వేగాన్ని లెక్కించుటకు ఐర్లండు ఇంజనీరు మానింగ్ 1889లో ఒక సూత్రాన్ని ప్రతిపాదించాడు. అందులో లోతును, వాలును కొలువవచ్చును. అడుగు గరుకుదనాన్ని సూచించే అంకెను మాత్రం అనుభవంతో నిర్ణయించాలి. రాతి కాలువలో ఆ అంకె చాలవరకు నిలకడగా ఉంటుంది. ఇసుక నదిలో అట్లు కాదు. మంద ప్రవాహంలో అడుగున ఇసుక తిన్నెలు లేచి నీటిని నిరోధిస్తాయి. వరద ఉధృతమైనప్పుడు అవే చదునై ఆ నిరోధం తగ్గుతుంది. నీరు అడుగును తీర్చును, అడుగు నీటిని తీర్చును. ఇదే ఈ శాస్త్రంలోని చిక్కు.

ఐన్‌స్టీన్ మహాశయుని కుమారుడు హాన్స్ ఆల్బర్ట్ ఐన్‌స్టీన్ ఈ చిక్కుతోనే పెనుగులాడి, ఇసుక రేణువుల కదలికను సంభావ్యతతో గణించే పద్ధతిని 1950లో ప్రకటించాడు. అయినను ఒకే నదికి వేర్వేరు సూత్రాలు ప్రయోగిస్తే నేటికీ జవాబులలో రెండు మూడు రెట్ల తేడా రావచ్చును.

కంప్యూటరు ఉండగా ఏటి ఒడ్డున నిలిచి కొలుచుట ఎందుకని కొందరంటారు. యంత్రం లెక్క తప్పదు, నిజమే. కాని మనమిచ్చిన అంకె తప్పయితే అది తప్పునే చక్కగా గణిస్తుంది. పంజాబు కాలువలపై 1895లో కెనడీ ప్రకటించిన సూత్రం, పూడిక పడక కోతకు గురికాక నిలిచిన కాలువలను స్వయంగా కొలిచి సాధించినది. కొలత లేని నమూనా పునాది లేని గోడ వంటిది.

కావున కళాశాల సంఘం పెద్దలకు నా మనవి ఒక్కటే. ప్రతి వర్షాకాలంలోనూ విద్యార్థులను దగ్గరలోని చెరువుకు, వాగుకు పంపించండి. గడకర్రతో లోతు చూడనివ్వండి. సీసాడు వరద నీటిని పట్టి, తేర్చి, అడుగున దిగిన మట్టిని ఆరబెట్టి తూచనివ్వండి. ఇందుకు పెద్ద ప్రయోగశాల అక్కరలేదు. ఆ కొలతలను ఏటేటా ఈ సంచికలోనే తెలుగులోను, ఉర్దూలోను అచ్చువేద్దాం. పదేండ్లకు అది మన చెరువు చరిత్ర అవుతుంది.

నిజాంసాగరం కట్టిన తరం మనకు నీటిని ఇచ్చి వెళ్లింది. దానిని పూడ్చుతున్న మట్టిని లెక్కించుట మన తరం బాధ్యత.