ఒకే కంచం

పాత హోటళ్ల ప్రస్తావన వచ్చినప్పుడు మనుషుల చేతులు మాటలకంటె ముందు కదులుతాయి. "ప్లేటు ఇంత ఉండేది" అంటూ రెండు చేతులూ చాచి చూపేవారు ప్రతి ఊళ్లోనూ కనిపిస్తారు. ఏటేటా ఆ చేతుల నడుమ దూరం కొంచెం పెరుగుతుంది. మాంసం ముక్క పళ్లెం అంచు దాటి వేలాడేదనీ, ఒక్కడు తినలేక ఇద్దరు పంచుకొనేవారనీ, ఇప్పుడు ఆ రుచీ లేదు ఆ కొలతా లేదనీ చెప్పి నిట్టూరుస్తారు. జ్ఞాపకం పెంచిన భాగాన్ని తీసివేసినా మిగిలేది కొంత ఉంటుంది. ఆ మిగిలినది ఏమిటన్నదే ఆలోచింపదగిన విషయం.

అండమాన్ దీవుల రాజధాని పోర్ట్ బ్లెయిర్‌కు 2024లో శ్రీ విజయపురమని పేరు మారింది. ఆ పట్టణంలోని పేటలలో డెలానీపూర్ ఒకటి. విశాఖపట్నానికి సుమారు 1,200 కిలోమీటర్ల దూరాన, నడుమ బంగాళాఖాతమంతా పరచుకొని ఉన్నా, ఆ దీవులలో తెలుగు మాట కొత్త కాదు. 2011 జనాభా లెక్కల ప్రకారం అక్కడ ప్రతి వందమందిలో సుమారు 13 మందికి తెలుగు మాతృభాష. అక్కడివారు మన గడ్డను 'మెయిన్‌లాండ్' అంటారు. ఆ ఒక్క మాటలోనే ఎంత దూరం, ఎంత తలపోత ఉన్నదో ఊహించవచ్చును.

డెలానీపూర్‌లో స్థిరపడిన ఒక తాత, మనుమణ్ణి వెంటబెట్టుకొని మెయిన్‌లాండుకు వచ్చాడనుకొందాము. వయసులో ఉన్నప్పుడు ఆయన కొన్నేళ్లు హైదరాబాదులో చదువుకొన్నాడు. ఆ రోజుల బిర్యానీని గురించి ఓడలో మూడు రోజులూ చెబుతూనే వచ్చాడు. తీరా ప్లేటు ముందుకు వచ్చాక మనుమడు అడుగుతాడు: "ఇదేనా తాతా, నువ్వు చెప్పిన పెద్ద ప్లేటు?" తాత కాసేపు దానివంక చూసి, "ఇదేరా. అప్పుడు మేము ఇద్దరం తినేవాళ్లం" అంటాడు.

ఆ జవాబులో సగం చరిత్ర ఉన్నది.

హైదరాబాదు హోటళ్లలో 'సింగిల్' అని పిలిచే బిర్యానీ ఒక్కరికోసం వడ్డించినది కాదని ఆ నగరంలో చదువుకొన్న ప్రతి విద్యార్థికీ తెలుసు. పచ్చి మాంసాన్ని మసాలాలో నానబెట్టి హండీ అడుగున పరచి, సగం ఉడికిన బియ్యాన్ని పైన పేర్చి, మూత చుట్టూ గోధుమపిండి ముద్దతో బిగించి, ఆవిరి బయటికి పోకుండా దమ్ము పెడతారు. ఆ హండీనుంచి తీసిన ఒక్క ప్లేటును ఇద్దరు కుర్రవాళ్లు నిస్సంకోచంగా పంచుకొనేవారు. ఇరానీ హోటళ్లలో ఒక చాయను ఇద్దరు పంచుకొనడానికి 'వన్ బై టూ' అన్న మాటే పుట్టింది. జేబు చిన్నది, ఆకలి పెద్దది. నడుమ స్నేహం ఉన్నది.

అయితే తెలుగువారికి పంచుకొని తినడం అంత సులువైన సంగతి కాదు. మన ఇళ్లలో ఎంగిలి అన్నది చిన్న మాట కాదు. విందులో వంద మంది ఒక్క బంతిలో కూర్చున్నా ఎవరి విస్తరి వారిదే. పక్కవాడి ఆకులో చేయి పెట్టడం మాట అటుంచి, అతడి చేయి తగిలిన గరిటెను సైతం వేరుగా పెట్టిన ఇళ్లు ఉండేవి. ఎవరు ఎవరి సరసన కూర్చోవచ్చునో, ఎవరి వంట ఎవరు తినవచ్చునో కులం నిర్ణయించేది.

ఇంతగా ఎంగిలిని పాటించిన జాతి, గాఢమైన స్నేహాన్ని చెప్పవలసి వచ్చినప్పుడు మాత్రం 'ఒకే కంచం, ఒకే మంచం' అన్నది. పెండ్లిలో వధూవరులను ఒకే పళ్లెం ముందు కూర్చుండబెట్టి బువ్వపు బంతి జరిపించింది. ఈనాడు ఎన్నికల సమయంలో పార్టీల నడుమ వినిపించే 'పొత్తు' అన్న మాటకు, కలిసి భోజనం చేయడమన్న అర్థం మన పాత భాషలో ఉన్నది. తెలుగువాడు తనకు తానే విధించుకొన్న హద్దును దాటాలని లోలోపల కోరుకొంటూనే ఉన్నాడనడానికి ఇంతకంటె సాక్ష్యం అవసరం లేదు. ఆ హద్దును దాటడానికి తగిన చోటు ఇల్లు కాలేకపోయింది. ఆ చోటు హోటలయింది.

హైదరాబాదు పాతబస్తీకి దక్షిణాన బార్కస్ అనే పేట ఉన్నది. నిజాం కొలువులోని అరబ్బు సైనికుల బారకాసులనుంచి ఆ పేరు వచ్చింది. యెమెన్ దేశంలోని హద్రమౌత్ ప్రాంతంనుంచి వచ్చిన ఆ కుటుంబాలు, 1948లో నిజాం రాజ్యం ముగిసిన తరువాత కూడా చాలావరకు ఇక్కడే నిలిచిపోయాయి. వారి వంట మందీ. నేలలో తవ్విన గుంటపొయ్యిలో నిప్పులు నింపి, అన్నపు పాత్రను క్రింద, మాంసాన్ని పైన ఉంచి, మూత బిగించి గంటలకొద్దీ వదిలివేస్తారు. మాంసంనుంచి కారే కొవ్వు చుక్కచుక్కగా అన్నంమీద పడుతుంది. మంచు అనే అర్థం గల అరబ్బీ పదంనుంచి మందీ అన్న పేరు పుట్టిందని చెబుతారు.

ఆ వంటను వడ్డించే తీరే విశేషం. తివాచీమీద నలుగురు గుండ్రంగా కూర్చుంటే, మధ్య ఒక్క పెద్ద పళ్లెం వచ్చి వాలుతుంది. అన్నపు గుట్టమీద మాంసపు ముక్కలు. ఎవరి వైపునుంచి వారు తింటూ నడుమకు చేరుతారు. మంచి ముక్కను ఎదుటివాడి వైపు నెట్టడం అక్కడి మర్యాద. గత రెండు దశాబ్దాలలో ఈ పళ్లెం బార్కస్ దాటి విజయవాడకూ, విశాఖపట్నానికీ, ఇంకా చిన్న పట్టణాలకూ ప్రయాణం చేసింది. ఎంగిలి పట్టింపు గల ఇళ్లలో పెరిగిన పిల్లలు నేడు ఆ పళ్లెం చుట్టూ కూర్చొని తింటున్నారు. ఎవరూ ఉపన్యాసం ఇవ్వలేదు. ఆకలే ఆ పని చేసింది.

పళ్లెం దాటిన మాంసం మీద మోజు మన ఒక్కరిదే కాదు. వియన్నా నగరంలో 1905లో ప్రారంభమైన ఫిగ్ల్‌ముల్లర్ భోజనశాల, సుమారు 30 సెంటీమీటర్ల వెడల్పు గల ష్నిట్జెల్‌కు ప్రసిద్ధి. అమెరికాలోని ఇండియానా రాష్ట్రంలో హంటింగ్టన్ అనే చిన్న ఊళ్లో 1908లో వెలసిన నిక్స్ కిచెన్‌లో, పంది మాంసపు పలక తన రొట్టెకంటె ఎంతో వెడల్పుగా ఉండి నాలుగువైపులా బయటికి వస్తుంది. మంచు కాటుకు వేళ్లు పోగొట్టుకొన్న యజమాని సోదరుడు మొండి చేతులతో మాంసాన్ని చదును చేసేవాడని ఆ ఊరివారు కథగా చెప్పుకొంటారు.

ఈ వంటల రహస్యం కొంత లెక్కలో ఉన్నది. రెండు సెంటీమీటర్ల మందం, పదిహేను సెంటీమీటర్ల వెడల్పు గల గుండ్రటి ముక్కను అర సెంటీమీటరు మందం వచ్చేవరకు సుత్తితో కొడితే దాని వెడల్పు ముప్పై సెంటీమీటర్లవుతుంది. మాంసం ఒక్క గ్రాము కూడా పెరగదు. కంటికి మాత్రం నాలుగింతలు కనిపిస్తుంది. పేదవాడి కంటికి కడుపు నిండిన తృప్తి కలిగించడానికి వంటవాడు కనిపెట్టిన ఉపాయమిది.

దీనికి భిన్నమైన పళ్లెం ఒకటి టెక్సాస్ రాష్ట్రపు అమరిల్లోలో ఉన్నది. 1960లో ప్రారంభమైన బిగ్ టెక్సన్ అనే హోటలు, 72 ఔన్సుల, అంటే రెండు కిలోలకు మించిన మాంసాన్ని ఇతర పదార్థాలతో సహా గంటలో ముగించినవారికి ఉచితంగా ఇస్తుంది. ముగించలేనివాడు డబ్బు చెల్లించాలి. పందెం కట్టినవాడు అందరూ చూస్తూండగా ఎత్తైన బల్ల దగ్గర కూర్చొని తింటాడు. అతడు ఎవరికీ ముక్క పెట్టకూడదు, పెడితే ఓడినట్టే. బండెడు అన్నం తిన్న భీముణ్ణీ, 1957 నాటి 'మాయాబజార్'లో పెండ్లివిందును ఒంటిచేత్తో ఖాళీ చేసిన ఘటోత్కచుణ్ణీ చూసి మనమూ నవ్వుకొన్నాము. కాని ఆ తిండిని ఎవరూ తలచుకొని నిట్టూర్చరు. వింతకు చప్పట్లు దక్కుతాయి. పంచుకొన్నదానికే తలపోత దక్కుతుంది.

ఈ మాట డెలానీపూర్ వంటి చోట మరింత లోతుగా తగులుతుంది. 1858లో ఖైదీల వలసగా మొదలైన పట్టణమది. సముద్రం దాటితే కులం పోతుందన్న భయం ఆనాటి ఖైదీకి శిక్షకంటె పెద్ద శిక్ష. అక్కడే విడుదలై, అక్కడే సంసారాలు కట్టుకొన్నవారి సంతతిలో కులపు పట్టింపులు చాలా సడలిపోయాయి. సెల్యులర్ జైలులో 1933లో రాజకీయ ఖైదీలు నిరాహార దీక్ష చేస్తే, బలవంతంగా ఆహారం పట్టించే ప్రయత్నంలో మహావీర్ సింగ్, మోహన్ కిశోర్ నామదాస్, మోహిత్ మొయిత్రా ప్రాణాలు కోల్పోయారు.

తరువాత 1942 మార్చిలో జపాను సేనలు దిగాయి. 1945 వరకు సాగిన ఆ ఆక్రమణ చివరి నెలలలో దీవులలో తిండి కరువైంది. 1945 ఆగస్టులో, జనం లేని దీవిలో పంటలు పండించుకొనవచ్చునని చెప్పి వందలమందిని ఓడలలో ఎక్కించి, హేవ్‌లాక్ దీవి సమీపాన సముద్రంలోకి తోసివేశారు. బ్రతికి బయటపడినవారు అతి కొద్దిమంది. తిండి పేరుతో మనుషులను నీటిపాలు చేసిన ఆ తీరంలో, నిండుగా వడ్డించిన పళ్లెం కేవలం రుచికి సంబంధించినది కాజాలదు.

నేటి హోటళ్లలో మాంసానికి కొరత లేదు. ఫ్యామిలీ ప్యాక్, జంబో ప్యాక్ అన్న పేర్లతో వెనుకటికంటె పెద్ద పొట్లాలే ఇంటికి వస్తున్నాయి. ఇల్లు చేరాక తలా ఒక ప్లేటులో పెట్టుకొని, తలా ఒక గదిలో తింటున్నారు. కొలత పెరిగింది, కంచాలు విడిపోయాయి.

హైదరాబాదు హోటలులో తాత ఎదుట ఆ ప్లేటు ఇంకా అలాగే ఉన్నది. సర్వరు రెండో ప్లేటు తీసుకురాబోతే ఆయన వద్దని చేయి ఊపుతాడు. ప్లేటును బల్ల నడుమకు జరిపి, ఎముక ఉన్న మంచి ముక్కను మనుమడి వైపు నెట్టి, "నీ పక్కనుంచి నువ్వు మొదలుపెట్టరా బాబూ, నా పక్కనుంచి నేను వస్తాను" అంటాడు.