పన్ను నొప్పితో ఎవరూ చావరని ఎవరు చెప్పారు?

పోస్టు కాస్త పెద్దదే. ఓపిగ్గా చదవండి, హాస్టల్లో ఉన్న చిన్నోళ్ళకి చదివి వినిపించండి.

"పన్ను నొప్పే కదా, దానికే ఆసుపత్రా?" ఈ మాట వినని వాళ్ళు మనలో ఉండరు. వార్డెన్ అంటాడు, సబ్ సెంటర్లో అంటారు, ఇంట్లో పెద్దోళ్ళూ అంటారు. ఈ మాట తప్పు. ప్రాణాలు తీసేంత తప్పు.

లోపల జరిగేది ఇదీ. పుచ్చు పంటి నరం దాకా దిగుతుంది. నరం చచ్చిపోయాక నొప్పి ఒక్కోసారి దానంతటదే పోద్ది. తగ్గిందిలే అని మనం వదిలేస్తాం. కానీ వేరు కొసన చీము చేరుతూనే ఉంటుంది. అది చిగురు మీద పొక్కులా పగిలి బయటికొస్తే సరే. రాకపోతే దవడ ఎముకని తొలుచుకుని కండలోకి దిగుతుంది. కింది దవడలో వెనక పళ్ళ వేర్లు గడ్డం కింది ఖాళీలకి చాలా దగ్గర. ఇన్ఫెక్షన్ అక్కడ రెండు వైపులా పాకిందంటే గడ్డం కింద చెక్కలా గట్టిపడుతుంది, నాలుక పైకి లేస్తుంది, ఊపిరి దారి మూసుకుపోతుంది. దీని పేరు లుడ్విగ్స్ ఆంజైనా. జర్మనీ డాక్టర్ లుడ్విగ్ దీని గురించి 1836లోనే రాశాడు. వైద్యానికి ఇంత కాలంగా తెలిసిన జబ్బు గురించి మీ ఊరి పీహెచ్‌సీ గోడ మీద ఒక్క పోస్టరైనా చూశారా?

అదే చీము మెడలోంచి ఛాతీలోకి దిగొచ్చు. పై పళ్ళ నుంచి కంటి వైపు, మెదడు వైపు పోవచ్చు. రక్తంలో కలిస్తే ఒళ్ళంతా విషమవుతుంది. షుగర్ ఉన్నవాళ్ళకి ఇది ఇంకా వేగంగా ముదురుతుంది. గుండె కవాటాలు ముందే దెబ్బతిన్నవాళ్ళకి నోట్లోని క్రిములు గుండెకే ఎసరు పెట్టగలవు.

ఇదంతా భయపెట్టడానికి చెప్తున్నది కాదు. 2007లో అమెరికాలోని మేరీలాండ్‌లో పన్నెండేళ్ళ పేదింటి పిల్లాడు ఇలాగే చనిపోయాడు. పంటి చీములోని క్రిములు మెదడుకెక్కాయి. రెండుసార్లు మెదడుకి ఆపరేషన్ చేశారు, వారాల తరబడి ఆసుపత్రిలో ఉంచారు, రెండు లక్షల డాలర్లకు పైగా ఖర్చయ్యింది. ఆ పన్ను ముందే పీకడానికి అయ్యేది 80 డాలర్లు. పేదల బీమా తీసుకునే పళ్ళ డాక్టర్ దొరకడమే ఆ కుటుంబానికి గగనమైంది. ఆ చావు మీద అక్కడ పెద్ద గొడవ జరిగింది. 2009లో పేద పిల్లల బీమాలో పంటి వైద్యం తప్పనిసరి చేస్తూ చట్టమొచ్చింది. అక్కడ ఒక పిల్లాడి చావుని లెక్కలోకి తీసుకున్నారు. మన ఏజెన్సీలో ఇలా పోయినవాళ్ళని ఏ లెక్కలో వెతకాలి? కాగితం మీద "జ్వరం", "ఆయాసం" అని రాసేస్తే అందులో పన్ను ఎక్కడ కనపడుతుంది?

దీనికి రెండు సాకులు చెప్తారు. మొదటిది: "ఆదివాసీల పళ్ళు రాళ్ళండీ, వేపపుల్లతో తోముతారు." మెచ్చుకుంటున్నట్టే ఉంటుంది, నిజానికి బాధ్యత దులుపుకోవడం. ఇవాళ సంతలో బిస్కెట్ ప్యాకెట్లు, కూల్‌డ్రింకులు, గుట్కా దొరకని చోటు ఎక్కడుంది? తీపి లోపలిదాకా వచ్చింది, పళ్ళ డాక్టరే రాలేదు.

రెండోది: "మీవాళ్ళకి అవగాహన లేదు." సరే, అవగాహన ఉందనుకుందాం. ముంచంగిపుట్టులో కూలికెళ్ళే తల్లి పిల్లాడి వాపు చూసి వెంటనే బయల్దేరింది. ఎక్కడికెళ్ళాలి? విశాఖ కేజీహెచ్‌కి వంద కిలోమీటర్ల పైనే, అందులో ఘాట్ రోడ్డు. బస్సు చార్జీలు, పోయిన కూలి, తోడొచ్చిన మనిషి తిండి ఎవరిస్తారు? దారి లేని చోట దారి తెలియదని నిందించడం ఏం న్యాయం?

కొత్తగా ఏదో వరమిమ్మని మనం అడగట్లేదు. సీహెచ్‌సీలో డెంటల్ సర్జన్ ఉండాలని కేంద్ర ప్రభుత్వ ప్రమాణాలే చెప్తున్నాయి. 2013లో మొదలైన ఆర్‌బీఎస్‌కే కింద బడి పిల్లల్ని ఏడాదికోసారి పరీక్షించాలి, అందులో పళ్ళు కూడా ఉన్నాయి. మరి "పుచ్చు ఉంది" అని రాసి వెళ్ళిపోతే ఆ పన్ను ఎవరు బాగుచేస్తారు? ఆశ్రమ పాఠశాలలో పేస్టు, బ్రష్షు పంచి ఫొటో దిగితే చీము ఆగుతుందా?

ఇంకో మాట మనోళ్ళకి కూడా. ఆర్‌ఎంపీ సూది నొప్పిని దాస్తుంది, చీముని తీయదు. యాంటీబయాటిక్ అవసరమే, కానీ అదొక్కటే చాలదు. చీము బయటికి తీయాలి, ఆ పన్ను పీకడమో వేరుకి వైద్యం చేయడమో జరగాలి. నోరు తెరవలేకపోతే, మింగలేక చొంగ కారుతుంటే, గొంతు మారితే, గడ్డం కింద గట్టిపడితే, కన్ను వాస్తే, జ్వరంతో మత్తుగా ఉంటే, ఊపిరి ఇబ్బందైతే రేపటిదాకా ఆగొద్దు. 108కి ఫోన్ చేయండి. బండి రాని ఊరైతే డోలీ కట్టయినా ఆ పూటే దింపండి. పీహెచ్‌సీలో మాత్ర ఇచ్చి పంపేస్తుంటే పెద్దాసుపత్రికి రాసిమ్మని పట్టుబట్టండి.

ఇక మన పని. ప్రతి మండలం నుంచి ఒకరు సమాచార హక్కు కింద మూడు ప్రశ్నలు వేయండి: మా సీహెచ్‌సీలో డెంటల్ సర్జన్ పోస్టు ఉందా, అందులో మనిషి ఉన్నాడా? డెంటల్ కుర్చీ పనిచేస్తోందా? పోయిన ఏడాది పళ్ళ సమస్య అని రాసిన పిల్లల్లో ఎంతమందికి వైద్యం జరిగింది? 30 రోజుల్లో జవాబివ్వాలి. ఆ కాగితాలు పట్టుకుని ఐటీడీఏ గ్రీవెన్స్ రోజున అందరం కలిసే వెళ్దాం. సంత రోజున డెంటల్ వ్యాన్ రావాలని అడుగుదాం.

ఒక పన్ను పీకడానికి పట్టేది కొద్ది నిమిషాలు. ఆ కొద్ది నిమిషాల వైద్యం కూడా మన కొండల దాకా రాదంటే అది మన తలరాత కాదు, పాలించేవాళ్ళ నిర్లక్ష్యం.

మీ మండలం పేరు కామెంట్లో పెట్టండి. దరఖాస్తు నమూనా నేను పంపిస్తాను.

జై ఆదివాసీ.