చల్లని కొండసీమలో ఏడు రోజుల ఎండ



వడదెబ్బ అనగానే మన కళ్ల ముందు మెదిలేది మిట్టమధ్యాహ్నం పొలంలోనో, రోడ్డు పనిలోనో కుప్పకూలిన కూలీ. ఆ చిత్రం అబద్ధం కాదు, కానీ సగమే నిజం. మిగిలిన సగాన్ని 2021 వేసవిలో కెనడాలోని ఒక పర్వత ప్రాంతం ప్రపంచానికి చూపింది. నా వయసువారూ, వారి పిల్లలూ ఆ వారం గురించి తప్పక తెలుసుకోవాలి.

కెనడా పశ్చిమ తీరంలోని బ్రిటిష్ కొలంబియా రాష్ట్రంలో అధిక భాగం కొండలూ లోయలే. అక్కడి ఇళ్లు చలిని ఆపడానికి కట్టుకున్నవి, వేడిని బయటికి పంపడానికి కాదు. ఆ ఏడాది జూన్ 25 నుండి జూలై 1 వరకు అధిక పీడనం గల గాలి ఆ ప్రాంతంపై బోర్లించిన గిన్నెలా కదలక నిలిచింది. పైనుండి దిగే పొడి గాలి ఒత్తిడికి లోనై, కిలోమీటరు దిగేసరికి దాదాపు 10 డిగ్రీలు వేడెక్కుతుంది. మేఘం నిలువదు. జూన్ నెలాఖరున అక్కడ పగలు సుమారు 16 గంటలు. ఫ్రేజర్, థాంప్సన్ నదులు కలిసేచోట లోయలో ఉన్న లిట్టన్ అనే చిన్న గ్రామంలో 27న 46.6, 28న 47.9, 29న 49.6 డిగ్రీలు నమోదయ్యాయి. అంతకు పూర్వం కెనడా మొత్తానికి అత్యధికం 1937 నాటి 45 డిగ్రీలే. రెంటచింతల, రామగుండం పేర్లు వింటేనే చెమట పట్టే మనకు సైతం అది ఊహకందని వేడి. మరునాడు, 30న, మంటలు లేచి ఆ ఊరు దాదాపుగా బూడిదైంది.

పత్రికలు లిట్టన్ మంటలనే ఎక్కువగా చూపాయి. వైద్యునిగా నన్ను కలచివేసింది వేరొకటి. ఆ వారంలో వేడి వల్ల రాష్ట్రంలో 619 మంది మరణించినట్లు అక్కడి మరణ విచారణాధికారులు తేల్చారు. వారిలో అత్యధికులు లిట్టన్ కంటే వేడి తక్కువగా ఉన్న పట్టణాలలో, నగరాలలో మరణించారు. 98 శాతం మంది ఇంటి లోపలే చనిపోయారు. మూడింట రెండు వంతుల మంది 70 ఏళ్లు, ఆ పైబడినవారు. సగానికి పైగా ఒంటరిగా జీవిస్తున్నవారు. మరొక సంగతి నన్ను మరీ బాధించింది: 60 శాతానికి పైగా అంతకు ముందు నెల రోజుల్లో ఏదో ఒక వైద్య సిబ్బందిని కలిసినవారే!

అంటే వారిని చంపినది నెత్తిన పడ్డ ఎండ కాదు, తలుపులు మూసిన గది. పగలు కాగిన గోడలు రాత్రి కూడా వేడిని వదలలేదు. యువకుని శరీరం రాత్రి చల్లబడి మరునాటికి సిద్ధమవుతుంది. వృద్ధుల గుండెకు ఆ విశ్రాంతి దొరకకపోతే, రెండవనాటి భారం మొదటినాటి భారంపై పేరుకుంటుంది. వయసుతో దాహం తెలియడం తగ్గుతుంది, చెమట పట్టడమూ తగ్గుతుంది. పొడి గాలిలో మరొక మోసం ఉంది: పట్టిన చెమట పట్టినట్లే ఆరిపోతుంది కనుక ఎంత నీరు పోయిందో మనిషికి తెలియదు. మన కోస్తా ఉక్కపోతలో చొక్కా తడిసి చెబుతుంది, అక్కడ అదీ లేదు.

ఇక మందులు. రక్తపోటుకు, గుండెజబ్బుకు ఇచ్చే నీరు మాత్రలు ఒంట్లోని నీటిని, ఉప్పును తోడేస్తాయి. కొన్ని మానసిక వ్యాధుల మందులు చెమటను అడ్డుకుంటాయి. కెనడా మృతులలో స్కిజోఫ్రీనియా రోగుల నిష్పత్తి సాధారణ జనాభాలో కంటే చాలా ఎక్కువ. వేసవికి ముందు ప్రతి వైద్యుడూ వృద్ధ రోగుల చీటీని ఒకసారి తిరిగి చూడాలని నా దృఢాభిప్రాయం. అలాగని మీరు సొంతంగా మాత్రలు మానవద్దు. అది మరొక ప్రమాదం.

పిల్లలకు ఒక మాట. రోజూ ఫోనులో "బాగున్నారా నాన్నా?" అంటే మా తరం "బాగానే ఉన్నాం" అనే చెబుతుంది, మీకెందుకు శ్రమ అని. వడగాడ్పుల రోజుల్లో ఆ జవాబును నమ్మకండి. పొరుగువారినెవరినైనా సాయంత్రం ఒకసారి ఇంట్లోకి వెళ్లి, గదిలో నిలబడి, చేయి పట్టి చూసి రమ్మనండి. బ్రిటిష్ కొలంబియా ప్రభుత్వం తర్వాత నిరుపేదలకు, రోగులకు ఏసీలు ఉచితంగా ఇచ్చింది. మంచిదే. కానీ తలుపు తట్టే మనిషికి ఏసీ ప్రత్యామ్నాయం కాదు. రేకుల ఇంట్లో ఒంటరిగా ఉండే మన ముసలమ్మలకు ఆ మనిషి తప్ప వేరే దిక్కు లేదు.

"మాకు ఫ్యాను ఉంది" అని ధీమా పడేవారూ ఉన్నారు. గది వేడి ఒంటి వేడిని మించితే ఫ్యాను వేడి గాలినే మీపై విసురుతుంది. ఒంటిపై తడిగుడ్డ కప్పుకొని ఫ్యాను వేసుకుంటే మాత్రం, ముఖ్యంగా పొడి గాలిలో, ఎంతో మేలు.

ఒళ్లు కాలిపోతూ, మాట తడబడుతూ, ఎక్కడున్నదీ చెప్పలేకపోతే అది వడదెబ్బే అనుకోండి. చెమట పడుతోంది కదా అని ఊరుకోవద్దు. పారాసిటమాల్ దీనికి పనిచేయదు. 108కి ఫోను చేసి, అది వచ్చేలోగా బట్టలు వదులు చేసి, ఒళ్లంతా నీళ్లు చల్లుతూ గట్టిగా విసరండి. స్పృహ సరిగా లేనివారి నోట్లో నీళ్లు పోయకండి.