టిక్కు పెట్టేదెవరు?

పోయిన నెలలో ఓ ఆదివారం మధ్యాహ్నం మా ఆడపడుచు మూడు పేజీల కాగితం పట్టుకుని వచ్చింది. "వదినా, ఇది కాస్త చదివి చెప్పు" అంది. ఏ ఆసుపత్రి రిపోర్టో అనుకుని కంగారుగా కళ్ళజోడు వెతుక్కున్నాను. తీరా చూస్తే విజయవాడలో ఓ పెద్ద కార్ల షోరూం వాళ్ళిచ్చిన కొటేషను! మొదటి పేజీలో కారు ధర, పన్నులు. మిగతా రెండు పేజీల నిండా 'ఆప్షన్లు'. అంటే కారుతో పాటు రానివి, విడిగా డబ్బు కడితే బిగించి ఇచ్చే హంగులన్నమాట. వాటి పక్కన బాల్‌పెన్నుతో టిక్కులు. పొట్టి టిక్కులు వాళ్ళాయనవి, తోక సాగదీసినవి మా మేనల్లుడివి.

"ఇందులో నీ టిక్కు ఏదమ్మా?" అని అడిగాను.

నవ్వేసింది. "నాదెందుకు వదినా? సంతకం నాదేగా!"

ఆ సంతకం సంగతి మీకు చెప్పాలి. తన పెళ్ళప్పుడు మా మామగారు పసుపు కుంకుమల కింద ఉయ్యూరు దగ్గర రోడ్డు పక్కన ఎకరం పొలం రాసిచ్చారు. పాస్‌పుస్తకం ఆవిడ పేరునే ఉండేది. ఈ మధ్య మంచి ధర పలికిందని అమ్మారు. రిజిస్ట్రారు ఆఫీసులో సంతకాలు చేసి, వేలిముద్రలు వేసి వచ్చింది తను. ఆ డబ్బులోంచే అరవై లక్షల జర్మన్ కారు. ఆప్షన్లు మరో ఏడు లక్షలు. కారు మాత్రం ఆయన పేరున.

కారు కొనడం తప్పని నేననడం లేదు. "అమ్మో అరవై లక్షలే!" అని బుగ్గలు నొక్కుకునే రోజులు పోయాయి. బస్సులో నిలబడి నడుములు విరగ్గొట్టుకున్నవాళ్ళం, చల్లగా మెత్తగా కూర్చుని వెళ్తే ఎవరికి కష్టం? నా బాధల్లా ఆ రెండు పేజీల గురించే. కారు కొందామా వద్దా అని ఇంటిల్లిపాదీ ఆర్నెల్లు తర్జనభర్జన పడతారు. ఏ ఆప్షను కావాలన్నది మాత్రం షోరూంలో కాఫీ తాగే పది నిమిషాల్లో తేలిపోతుంది. ఆ పది నిమిషాలూ మనం సోఫాలో కూర్చుని రంగు బావుందో లేదో చెబుతాం. మనల్ని అడిగేది అదొక్కటే కదా!

మా చిన్నప్పుడు ఈ బెడద లేదు. అంబాసిడర్‌కి డబ్బు కట్టి ఏళ్ళ తరబడి ఎదురుచూసేవాళ్ళు. వచ్చాక కిటికీలకి తెరలు కుట్టించి, డాష్‌బోర్డు మీద వెంకటేశ్వరస్వామిని అతికించి, వెనక తలూపే కుక్కబొమ్మ పెడితే హంగులన్నీ అయిపోయినట్లే. 1983 డిసెంబరులో మొదటి మారుతి 800 రోడ్డెక్కింది. ఆ తర్వాత చాలాకాలం ఏ.సి. ఉన్న మారుతి అంటేనే గొప్ప. ఇక ఆప్షన్ల మోజు ఈనాటిది కాదనుకోండి. హైదరాబాదు చౌమహల్లా ప్యాలెస్‌కి వెళ్తే పసుపుపచ్చని రోల్స్‌రాయిస్ ఒకటి కనిపిస్తుంది. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ చేయించుకున్నది. అందులో సీటు బదులు సింహాసనం పెట్టించారు! 1911లో ఆయన కన్నుమూశారు, కారు తయారై వచ్చింది ఆ తర్వాతే. కోరి బిగించుకున్న సింహాసనం మీద ఒక్కసారైనా కూర్చోలేదాయన.

మా వాళ్ళ కాగితం దగ్గరికొద్దాం. మేనల్లుడి టిక్కుల్లో మొదటిది 'స్పోర్ట్ ప్యాకేజీ'. ఇరవై అంగుళాల చక్రాలు, నేలకి దగ్గరగా దించిన బండి, గర్జించే సైలెన్సరు. ఆరు సెకన్లలో వంద కిలోమీటర్ల వేగం అందుకుంటుందట. ఉయ్యూరు నుంచి కంకిపాడు, పోరంకి దాటుకుని బెంజిసర్కిల్ చేరేసరికి గంట పడుతోంది, ఆ వేగం ఎక్కడ ఆరబెట్టుకోవాలో నాకర్థం కాలేదు. పైగా చక్రం పెద్దదైతే దాని చుట్టూ ఉండే రబ్బరు పలచనవుతుంది. గుంటలో పడితే దెబ్బ నేరుగా రిమ్ముకి, ఆ తర్వాత నడుముకి. చెరుకు సీజన్లో లైట్లు లేని ట్రాక్టర్లు ఎదురయ్యే మన రోడ్ల మీద బండి అంచు దిగాల్సిన సందర్భాలెన్ని! ఇంకో సంగతి, ఈ తరగతి కార్లలో చాలావాటికి స్టెప్నీ ఉండదు. గాలి పోయినా కొంతదూరం నడిచే టైర్లో, లేకపోతే గాలి నింపుకునే పంపో ఇస్తారు. రాత్రిపూట అవనిగడ్డ వైపు నుంచి వస్తూ టైరు చీలితే ఏం చేయాలన్నది కొనకముందే అడగాల్సిన ప్రశ్న. ఆ పేజీలో స్టెప్నీ గురించి ఒక్క ముక్క లేదు.

ఆయనగారి టిక్కులు వేరు. పైకప్పంతా అద్దం, తలుపు తీస్తే నేల మీద పడే కంపెనీ గుర్తు వెలుగు, అరవై నాలుగు రంగుల దీపాలు, తెల్ల తోలు సీట్లు. తెల్ల తోలు! వేసవిలో ఆవకాయ జాడీలు కూతురింటికి మోసుకెళ్ళే ఇంట్లో తెల్ల తోలు సీట్లు ఎన్నాళ్ళు తెల్లగా ఉంటాయి? సీట్లోంచి చల్లగాలి వచ్చే ఏర్పాటు ఇంకో వరసలో ఉంది. మే నెల బెజవాడ ఎండకి పనికొచ్చేది అదే. దానికి టిక్కు లేదు.

టిక్కు పడిన వాటిలో ఒకదాని దగ్గర నేను ఆగిపోయాను. పక్క తలుపులకి 'శబ్దం రానివ్వని అద్దాలు'. వినడానికి ఎంత బావుంది! ఈ అద్దం రెండు పొరలుగా ఉండి, మధ్యలో ప్లాస్టిక్ లాంటి పొర అతికి ఉంటుంది. ముందు అద్దం ఎప్పుడూ అలాంటిదే. మామూలు పక్క అద్దం కొడితే గులకరాళ్ళలా రాలిపోతుంది. ఈ రెండు పొరల అద్దం సుత్తితో కొట్టినా బీటలిస్తుందే గాని ఊడిపడదు. దొంగలకి అది కష్టం, సరే. మనది కాలువల సీమ. గట్టు మీద రోడ్డు, పక్కనే నీళ్ళు. కారు కాలువలో పడిందన్న వార్త మన జిల్లా పేజీల్లో ఎన్నిసార్లు చదవలేదు? నీళ్ళలో పడ్డ కారు తలుపు బయటి ఒత్తిడికి తెరుచుకోదు. బెల్టు విప్పుకుని, మొదటి క్షణాల్లోనే కిటికీ దించుకోవాలి. అది పని చేయకపోతే అద్దం పగలగొట్టాలి. అప్పుడు పగిలే అద్దం ఏదో తెలియకపోతే చేతిలో సుత్తి ఉండీ ఏం లాభం?

అందుకని ఆ అద్దాలు వద్దనక్కర్లేదు. నాలుగు తలుపుల్లో ఏది ఏ రకమో అడగండి. అద్దం మూలన చిన్న అక్షరాలతో చెక్కి ఉంటుంది, లామినేటెడ్ అనో టెంపర్డ్ అనో. పగిలేది ఏదో ఇంట్లో పిల్లలతో సహా అందరికీ చెప్పి ఉంచండి. సీటు బెల్టు కోసే కత్తి, అద్దం పగలగొట్టే మొన కలిసి ఉన్న చిన్న సుత్తి కొద్ది వందలకే దొరుకుతుంది. డిక్కీలో కాదు, చేతికి అందేచోట పెట్టుకోవాలి. అన్నట్లు, ఏడు లక్షల జాబితాలో అది లేదు.

వెనక సీటు బెల్టు మాటెత్తితే మన ఆడవాళ్ళే ముందు మొహం చిట్లిస్తారు. పట్టుచీర నలుగుతుందనో, పూలు నలుగుతాయనో. 2022 సెప్టెంబరు 4న మహారాష్ట్రలో పాల్ఘర్ దగ్గర జరిగిన ప్రమాదంలో టాటా గ్రూపు మాజీ ఛైర్మన్ సైరస్ మిస్త్రీ చనిపోయారు. ఖరీదైన కారే, వెనక సీట్లోనే ఉన్నారు, బెల్టు పెట్టుకోలేదు. ఎన్ని గాలిబుడగలున్నా మనిషిని సీటుకి పట్టి ఉంచేది బెల్టే. బెల్టు పెట్టుకోకపోతే కారు గోల చేస్తుందని, ఆ గోల ఆపే క్లిప్పులు కొంటున్నారు జనం! 2023లో వినియోగదారుల రక్షణ అథారిటీ వాటిని అమ్మొద్దని ఐదు ఆన్‌లైన్ అమ్మకం కంపెనీలని ఆదేశించాల్సి వచ్చింది. ఇక మనవణ్ణి ఒళ్ళో పెట్టుకుని ముందు సీట్లో కూర్చునే నానమ్మలకి, అమ్మమ్మలకి ఎవరు చెప్పాలి? పిల్లల సీటు బిగించే కొక్కేలు ఈ కార్లలో ఉంటాయి. సీటే మనం కొనాలి.

షోరూంలో అయిపోయాక రెండో అంకం ఆటోనగర్‌లో. కొత్త కారుకి ముందు ఇనుప గార్డు, అద్దాలకి నల్ల ఫిల్ము, సీట్లకి తొడుగులు వేయించందే మనకి తృప్తి ఉండదు. ఇనుప గార్డుల్ని 2017 డిసెంబరులో కేంద్రం నిషేధించింది. నల్ల ఫిల్ముల మీద సుప్రీంకోర్టు తీర్పు 2012 ఏప్రిల్‌లో వచ్చింది. సీటు తొడుగు మరీ చూసుకోవాలి. పక్క నుంచి వచ్చే గాలిబుడగలు చాలా కార్లలో సీటు అంచులోనే ఉంటాయి. దాని మీద బిగుతుగా తొడుగు కుట్టిస్తే, డబ్బు పోసి కొన్న బుడగని మన చేత్తో మనమే కట్టేసినట్లు.

డబ్బు లెక్క కూడా కాస్త చూద్దాం. 2022లో మన రాష్ట్రంలో జీవితకాలపు పన్ను పెంచినప్పుడు ఇరవై లక్షలు దాటిన కార్లకి 18 శాతం చేశారు. ఆ లెక్కన బిల్లులో కలిసే ఏడు లక్షల హంగుల మీద పన్నే లక్షా పాతిక వేలు పైచిలుకు. పది లక్షలు దాటిన ఏ కారుకైనా 2016 జూన్ నుంచి ఒక శాతం ఆదాయపు పన్ను ముందే పట్టుకుంటున్నారు. ఎవరి పేరున బిల్లు ఉంటే వాళ్ళ పాన్ ఖాతాలో అది జమ పడుతుంది. రిటర్ను వేస్తే పన్నులో సర్దుబాటు చేసుకోవచ్చు, ఎక్కువైతే వెనక్కి తెచ్చుకోవచ్చు. ఇన్సూరెన్సు షోరూంలోనే తీసుకోవాలన్న నిబంధన లేదు, బయట కనుక్కుని రండి, తేడా మీకే తెలుస్తుంది. 'హ్యాండ్లింగ్', 'యాక్సెసరీ కిట్' లాంటి వరసలు కనిపిస్తే అవేమిటో విడమరిచి చెప్పమనండి. బయట బిగించిన హంగుల్ని పాలసీలో రాయించకపోతే అవి పోయినా పైసా రాదు.

అన్నిటికన్నా పెద్ద లెక్క ఇంకోటుంది. ఇన్సూరెన్సు వాళ్ళ పట్టికలో కారు విలువ ఆర్నెల్లు దాటితే 15 శాతం తగ్గుతుంది, రెండేళ్ళు దాటితే 30, నాలుగేళ్ళు దాటితే సగం. రోడ్డు పన్ను అందులో లెక్కకే రాదు. మా మామగారిచ్చిన ఎకరం అలాగే ఉండి ఉంటే ఏమయ్యేదో ఉయ్యూరులో ఎవర్నడిగినా చెబుతారు. ఆడపిల్లకి ఉమ్మడి ఆస్తిలో వాటా కోసం మన రాష్ట్రంలో చట్టం సవరించారు, 1985 సెప్టెంబరు నుంచి అమల్లోకి వచ్చింది. అలా దక్కిన ఆస్తైనా, పసుపు కుంకుమల కింద వచ్చిన ఆస్తైనా చక్రాలెక్కి వేరే పేరు మీద రిజిస్టరవుతుంటే మనం రంగు బావుందని చెప్పి ఊరుకుంటున్నాం. (పెళ్ళి మాటల్లో కారుతో పాటు 'టాప్ మోడల్' అని కూడా అడుగుతున్నారిప్పుడు. ఏ మోడలైనా అడిగితే అది కట్నమే, 1961 చట్టం ప్రకారం నేరమే. దాని గురించి ఇంకోసారి రాస్తాను.)

ఇవన్నీ మా ఆడపడుచుకి చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. "అయితే వదినా, నేను ఒకసారి నడిపి చూడొచ్చా?" అంది. పదేళ్ళ క్రితం డ్రైవింగు స్కూల్లో నేర్చుకుని లైసెన్సు తెచ్చుకుంది. ఇంట్లో తాళంచెవి మాత్రం ఎప్పుడూ తన చేతికి రాలేదు.

మర్నాడు నేనూ తోడు వెళ్ళాను. షోరూం కుర్రాడు అలవాటుగా మేనల్లుడి వైపు తాళం చాచాడు. "ఇటివ్వు బాబూ" అంది తను. సీటు పైకి జరుపుకుంది, ముందుకి జరుపుకుంది. ఐదడుగుల మనిషికి రోడ్డు కనిపిస్తుందా, కాలు బ్రేకుకి అందుతుందా అని చూసుకుంది. బందరు రోడ్డు మీద రెండు కిలోమీటర్లు వెళ్ళి, తిప్పుకుని తెచ్చింది. మేనల్లుడు వెనక సీట్లో బెల్టు పెట్టుకుని బుద్ధిగా కూర్చున్నాడు.

అక్కడే కాగితం మళ్ళీ ముందు పెట్టుకున్నాం. ఇరవై అంగుళాల చక్రాలు పోయి చిన్నవి వచ్చాయి. తెల్ల తోలు పోయి గోధుమరంగు వచ్చింది. చల్లగాలి సీట్లకి తనే టిక్కు పెట్టింది. పైకప్పు అద్దం దగ్గర మాత్రం ఆయన పట్టు వదల్లేదు, సైలెన్సరు గర్జన కూడా అలాగే ఉండిపోయింది. ఆర్.సి. ఎవరి పేరున అన్న మాట ఇంకా తేలలేదు, ఇంట్లో రోజూ నడుస్తోంది. "పన్నుకి సంబంధించిన ఇబ్బందులేమన్నా ఉంటాయేమో కనుక్కుందాం" అంటున్నారట అన్నయ్యగారు. ఎకరం అమ్మేటప్పుడు ఆ ఇబ్బందులు గుర్తురాలేదు పాపం!

"ఏ అద్దం పగులుతుంది బాబూ?" అని అడిగితే షోరూం కుర్రాడు తెల్లమొహం వేశాడు. కనుక్కుని చెబుతానన్నాడు. నాలుగు రోజులకి ఫోన్ చేశాడట. ముందు తలుపులకి రెండు పొరలవి, వెనక తలుపులకి మామూలువి అని. తను ఆ కాగితం వెనకాల పెన్సిలుతో రాసుకుంది. కారు వచ్చే నెలలో వస్తుందంటున్నారు. సుత్తి మాత్రం అప్పుడే కొనేసింది.