వంట వంతు ఎవరిది?

బంధుమిత్రులంతా కలిసి ప్రయాణం పెట్టుకున్నారంటే మనకి ఎంత సంబరమో! కానీ వనభోజనాలైనా, తీర్థయాత్రలైనా తెల్లారకముందే లేచి పులిహోర కలిపేదీ, చివర్లో గిన్నెలు లెక్క చూసుకునేదీ ఎవరు? మనమే కదూ!

జొహానెస్‌బర్గ్‌లో ఉంటున్న మా తెలుగు కుటుంబాలు కొన్ని కలిసి, మొన్న జులైలో ఒక బస్సు మాట్లాడుకుని పొరుగుదేశం బోట్స్వానాకి బయల్దేరాం. రాత్రుళ్ళు డేరాల్లో బస. ప్రయాణానికి ముందే నేను అడిగేశాను, 'వంటెవరు? గిన్నెలెవరు?' అని. 'మీరంతా ఉండగా మాకేం దిగులండీ వదినగారూ!' అని నవ్వారొకాయన. బస్సు డ్రైవరు మాత్రం నవ్వలేదు. ఈ వైపు క్యాంపింగ్ యాత్రల్లో వంతులు మామూలేనంటూ ఆడా మగా అందరి పేర్లూ కాగితం మీద రాయించి బస్సులో అంటించాడు.

లింపోపో నది దాటితే బోట్స్వానా. అక్కడి డబ్బు పేరు 'పులా'. సెత్స్వానా భాషలో పులా అంటే వాన! దేశంలో చాలా భాగం కలహారి ఎడారి కదా, వాన విలువ వాళ్ళకి తెలిసినట్టు ఇంకెవరికి తెలుస్తుంది? పశువులకి గాలికుంటు వ్యాధి పాకకుండా దారిలో కంచెల దగ్గర బస్సులాపి పచ్చిమాంసం ఉందేమోనని చూస్తారు. చెప్పుల్ని మందునీళ్ళలో అద్ది నడవాలి.

ఉత్తరాన చోబే నేషనల్ పార్కు. 2022 లెక్కల ప్రకారం ఆ దేశంలో సుమారు 1,30,000 ఏనుగులున్నాయి. వానల్లేని ఆ నెలల్లో నీళ్ళకోసం అవి మందలు మందలుగా చోబే నది ఒడ్డుకి చేరతాయి. మేం దిగిన చోట చుట్టూ కంచె లేదు. చీకటి పడ్డాక దూరం వెళ్ళకూడదు. డేరాలో నారింజపళ్ళు ఉంచకూడదు, వాసనకి ఏనుగులొస్తాయి. ఎంగిలి గిన్నెలు బయట వదిలితే దుమ్ములగొండ్లు వస్తాయి.

ఇంట్లో 'ఆ నాలుగు గిన్నెలే కదా' అనిపించుకునే పని, అక్కడ అందరి క్షేమానికీ సంబంధించినదైంది. పొద్దుగుంకేలోగా అయిపోవాలంటే ఒక్కరి వల్ల అయ్యేది కాదు. 'మాకేం దిగుల'న్న ఆయనే మూడోనాటికి చేతులు ముడుచుకోకుండా గిన్నెలు తోమారు. ఆయన భార్య నది ఒడ్డున కూర్చుని, 'పెళ్ళయిన ఇరవైరెండేళ్ళలో పొద్దు పూర్తిగా కుంకేదాకా కదలకుండా కూర్చోవడం ఇదే మొదటిసారండీ' అన్నారు. ఆ మాట నన్నింకా వదలలేదు.

మగవాళ్ళకి పని రాదనడం ఒట్టిమాట. ఎవరూ వంతు వెయ్యలేదు, అంతే! 'సాయం చేస్తాలే' అనే మాటకీ, 'ఇవాళ నా వంతు' అనే మాటకీ చాలా తేడా ఉంది. మొదటిది దయ, రెండోది బాధ్యత.

ఈసారి మీ ఇంట్లో ప్రయాణం మాట రాగానే, టిక్కెట్లతోపాటు వంతుల కాగితం కూడా తయారుచేయించండి. సెలవు అందరిదీ అయినప్పుడు పనీ అందరిదే కావాలి. ఏమంటారు?