వంటింటి కుర్రవాడి చావు ఎక్కడికి పోయింది?

ఒక పుస్తకాన్ని చలనచిత్రంగా తీసినప్పుడల్లా ఆ పుస్తకాన్ని ప్రేమించినవాళ్ళు ఒకే ప్రశ్న వేస్తారు: "పుస్తకంలో వున్నది వున్నట్టు తీశారా?" యీ ప్రశ్న తప్పని నేను అనను. చాలదని అంటాను. అంతే కాదు, ఒక్కొక్కప్పుడది అసలు ప్రశ్నను కప్పిపెట్టే ముసుగుగా కూడా పనిచేస్తుందని అంటాను. ఇందుకు నేను తీసుకునే వుదాహరణ ఇంగ్లీషు రచయిత ఫిలిప్ పుల్‌మన్ పిల్లల కోసం రాసిన నవలాత్రయం. అందులో మొదటి నవల 1995లో "నార్దరన్ లైట్స్" అనే పేరుతో వచ్చింది. అమెరికాలో దాని పేరు "ది గోల్డెన్ కంపాస్". ఆ పేరుతోనే 2007 డిసెంబరులో చిత్రం వచ్చింది. అభిమానులు మండిపడ్డారు.

నేల విడిచి సాము చేసే పిల్లల కథ మీద విమర్శ రాస్తావా అని మా కాలేజీలో ఒక మిత్రుడు నవ్వాడు. విష్ణుశర్మ రాజకుమారులకు రాజనీతి నేర్పింది జంతువుల కథలతోనే. చిన్నయసూరి "నీతిచంద్రిక"ను తరతరాలుగా పాఠంగా చెప్పుకుంటున్న తెలుగు పంతుళ్ళు పిల్లల కథను చూసి నవ్వడం వింత. ఎవరు యజమాని, ఎవరు నౌకరు, ఎవరి ప్రాణం ఖరీదైనది, ఎవరిది చవక అనే విషయాలు మనిషి మొట్టమొదట నేర్చుకునేది కథల్లోనే. పిల్లల కథలో అబద్ధం దూరితే ఎదిగాక దాన్ని పెకలించడం కష్టం.

పుల్‌మన్ సృష్టించిన లోకంలో మనిషి ఆత్మ శరీరం బయట ఒక జంతువు రూపంలో తిరుగుతూవుంటుంది. దాన్ని డీమన్ అంటారు. పిల్లల డీమన్లు ఘడియకొక రూపం ధరిస్తాయి; యుక్తవయస్సు వచ్చేసరికి ఒకే రూపంలో స్థిరపడతాయి. ఆ లోకాన్ని మెజిస్టీరియం అనే చర్చి వ్యవస్థ ఏలుతోంది. ఆ చర్చి అండతో పనిచేసే మండలి ఒకటి పిల్లలను ఎత్తుకుపోయి, ఉత్తరాన మంచుదేశంలో వాళ్ళనూ వాళ్ళ డీమన్లనూ వేరుచేసి కోసేస్తుంది. పాపం అంటకుండా కాపాడడానికట!

ఏ పిల్లలను? పాఠకులు గమనించవలసింది ఇక్కడే. ప్రభువుల బిడ్డలను కాదు. వీధిలో తిరిగే పిల్లలను, నౌకర్ల పిల్లలను, పడవలమీద బతికే జిప్షియన్ల పిల్లలను. మిసెస్ కౌల్టర్ అనే అందమైన, నాగరికురాలైన స్త్రీ వాళ్ళకు చాక్లెట్ పానీయం ఆశపెట్టి తీసుకుపోతుంది. అలా పోయినవాళ్ళలో రోజర్ ఒకడు. ఆక్స్‌ఫర్డులో జోర్డన్ కాలేజీ వంటింట్లో పనిచేసే కుర్రవాడు, కథానాయిక లైరాకు స్నేహితుడు.

లైరా వాణ్ణి వెతుక్కుంటూ ఉత్తరానికి పోతుంది. కనుక్కుంటుంది. విడిపిస్తుంది. చర్చిని ధిక్కరించిన తిరుగుబాటుదారు, తన తండ్రి, లార్డ్ ఏస్రియల్ దగ్గరికి తీసుకుపోతుంది. వాకిట్లో కూతుర్ని చూసి ఆ ప్రభువు కంపించిపోతాడు. వెనక రోజర్ కనబడగానే కుదుటపడతాడు. ఆయన ప్రయోగానికి ఒక పిల్లవాడు కావాలి. సొంత కూతురైతే చేతులు రావు. వంటింటి కుర్రవాడైతే పరవాలేదు. ఆ రాత్రి రోజర్ని కోసి, ఆ కోతలోనుంచి పుట్టిన శక్తితో ఆకాశంలో మరో లోకానికి దారి తెరుస్తాడు. నవల అక్కడ ముగుస్తుంది.

చిత్రంలో యీ చావు లేదు. చిత్రీకరించి కూడా తీసేశారు. చివరి మూడు అధ్యాయాలు పోయాయి. లైరా, రోజర్ గాలిగుమ్మటపు ఓడలో కూర్చుని ముందున్న మంచి రోజుల గురించి మాట్లాడుకుంటూవుండగా తెర పడుతుంది. చర్చి ప్రసక్తి కూడా చాలా వరకు పోయింది. మెజిస్టీరియం ఏమిటో తెలియని ఒక దుష్టశక్తిగా మిగిలింది. మత ప్రసక్తి తగ్గించక తప్పదని దర్శకుడు క్రిస్ వైట్జ్ 2004లోనే అభిమానులకు చెప్పాడు. అలజడి అప్పుడే మొదలైంది.

ఇంత తగ్గించి సాధించిందేమిటి? అమెరికాలో కాథలిక్ లీగ్ 2007 అక్టోబరులోనే చిత్రాన్ని బహిష్కరించమని పిలుపిచ్చింది. చిత్రంలో ఏమీ లేకపోయినా, అది చూసిన పిల్లలు పుస్తకాలు కొంటారని వాళ్ళ భయం. పుస్తకాలు ప్రేమించినవాళ్ళేమో ప్రాణం తీసేశారన్నారు. సుమారు 18 కోట్ల డాలర్లు ఖర్చుపెట్టిన చిత్రానికి అమెరికాలో సుమారు 7 కోట్లు వచ్చాయి. విదేశాల్లో బాగానే ఆడినా, అక్కడి హక్కులు ముందే అమ్ముకున్నందువల్ల నిర్మించిన న్యూలైన్ సంస్థకు అది అక్కరకు రాలేదు. రెండో భాగం అటకెక్కింది. రెంటికీ చెడ్డ రేవడి అంటే ఇదే.

ఇక అభిమానుల అభియోగాలు చూద్దాం. ఎలుగుబంట్ల రాజు పేరు మార్చారు. నవలలో ఎలుగుబంట్ల యుద్ధానికి ముందు జరిగేది చిత్రంలో తర్వాత జరిగింది. చర్చిని దాచారు. ముగింపు తీసేశారు. అన్నీ నిజమే. కాని యీ చిట్టాలో అన్నిటికీ ఒకటే బరువు! ఎలుగుబంటి పేరూ, పిల్లవాడి చావూ పక్కపక్కన కూర్చున్నాయి. ఇది విమర్శ కాదు. డబ్బిచ్చి కొన్న సరుకు తూకం తగ్గిందని కొట్టువాడితో పెట్టుకునే తగవు. పుస్తకాన్ని సొంత ఆస్తిగా చూడడం నిర్మాతలకూ తెలుసు, అభిమానులకూ తెలుసు; తేడా అల్లా ఆస్తి ఎవరిదన్న దగ్గరే.

"వున్నది వున్నట్టు" అన్న కొలబద్ద ఎంత గుడ్డిదో చూడండి. అమెరికన్ రచయిత్రి అర్సులా లెగ్విన్ "ఎర్త్‌సీ" కథల్లో నాయకుడు రాగివర్ణపు మనిషి. 2004లో టెలివిజన్‌వారు అతన్ని తెల్లవాణ్ణి చేశారు. రచయిత్రే నిరసిస్తూ రాసింది. రిక్ రియోర్డన్ "పెర్సీ జాక్సన్" కథల్లో ఆనబెత్ అనే అమ్మాయి బంగారు జుట్టు పిల్ల. 2022లో ఆ పాత్రకు ఒక నల్లజాతి బాలికను ఎన్నుకుంటే, పుస్తకంలో ఇలా లేదని కొందరు అభిమానులు ఆ పసిదాని మీద విరుచుకుపడ్డారు. ఇది జాతిద్వేషమేనని రచయితే వాళ్ళకు జవాబు రాశాడు. కొలబద్ద ప్రకారం రెండూ ఒకే నేరం: పుస్తకంలో వున్న రంగు మార్చారు. కాని ఒకచోట మార్పు, లోకంలో చోటు దొరకనివాళ్ళ చోటును లాక్కున్నది. రెండోచోట వాళ్ళకు చోటిచ్చింది. ఇంత తేడాను పట్టలేని కొలబద్ద మనకెందుకు?

మార్పు పాపమని నేను అనడం లేదు. "మాయాబజార్" 1957లో వచ్చింది. వ్యాసభారతంలో శశిరేఖ లేదు. వ్యాసుడికి ద్రోహం జరిగిందని తెలుగు ప్రేక్షకుడు తగవు పెట్టుకోలేదు. రాజ్యముందన్న కౌరవుల డాబును ఘటోత్కచుడి పరివారం నవ్వులపాలు చేస్తుంటే, ఆ మార్పు తన పక్షాన జరిగిందని అతనికి తెలుసు. అడగవలసింది మార్చారా లేదా అని కాదు. ఎవరి పక్షాన మార్చారు అని.

ఇప్పుడు మనవాళ్ళ సంగతి. పుల్‌మన్ చర్చిని దుయ్యబట్టాడు కనక అభ్యుదయవాదులు ఆయన్ను మెచ్చుకున్నారు. చర్చిని దాచడమే చిత్రం చేసిన నేరమన్నారు. అది సగం నిజం. రోజర్ని చంపింది చర్చి కాదు. చర్చి మీద తిరగబడ్డ ప్రభువు. పీడకుడు తన పాపభీతికి పేదపిల్లలను కోస్తే, విమోచకుడు తన స్వేచ్ఛకు పేదపిల్లవాణ్ణి కోశాడు. కోసేవాడి సిద్ధాంతం ఏదైతేనేం, కత్తి కింద వున్నది వంటింటి కుర్రవాడే. ఆ నవల సాహసమంతా యీ ముగింపులో వుంది. మెజిస్టీరియాన్ని అడుగడుగునా చర్చి అనే పిలిచినా, రోజర్ చావు తీసేస్తే ఏస్రియల్ మచ్చలేని వీరుడుగా మిగులుతాడు. చిత్రం కాపాడింది చర్చిని మాత్రమే కాదు, మహాపురుషుణ్ణి. యీ పాఠం మతవాదుల కన్న మనకే ఎక్కువ అవసరం. జెండా ఎత్తినవాణ్ణి చూడగానే, ఆ వెలుగుకు సమిధ ఎవరని అడగడం మనం ఎన్నిసార్లు మరిచిపోలేదు?

ఆ ముగింపును రెండో భాగానికి అట్టేపెట్టారు గదా అని నిర్మాతల తరపున అనవచ్చు. అదీ నిజమే. లాభం వస్తే చెబుదామని వాయిదా వేసిన నిజం అది. లాభం రాలేదు, నిజం చెప్పలేదు. బీబీసీ, హెచ్‌బీవో కలిసి యీ కథను 2019లో మళ్ళీ ధారావాహికగా తీశాయి. మొదటి భాగం చివర రోజర్ చచ్చిపోయాడు. ఆకాశం విరిగిపడలేదు. ప్రేక్షకులు తట్టుకున్నారు. మిగతా భాగాలూ వచ్చి 2022లో కథ పూర్తయింది. అప్పుడూ అభిమానుల్లో కొందరు తెరమీద డీమన్లు తక్కువగా కనబడ్డాయని లెక్కలు తీశారు. అలవాటు అంత తొందరగా పోదు.

అయినా అభిమానులను వెక్కిరించి చేతులు దులుపుకునేవాళ్ళతో నేను కలవను. ఆ తీసేసిన ముగింపును ఎవరూ మరిచిపోకుండా చూసింది వాళ్ళే. కత్తిరించిన భాగాలతో చిత్రాన్ని మళ్ళీ కూర్చమని అడిగిందీ వాళ్ళే. పండితులు పట్టించుకోని పుస్తకాన్ని వాళ్ళు మళ్ళీ మళ్ళీ చదివారు, దానికోసం దెబ్బలాడారు. వాళ్ళ వాదన కన్న వాళ్ళ కోపం గొప్పది. కోపానికి తగిన వాదన అందించడం విమర్శకుడి పని. ఆ పని మనం చెయ్యక, వాళ్ళను చిట్టాపద్దులకు వదిలేశాం.

కనక, ఉపాధ్యాయులైన నా మిత్రులకు ఒక్క మాట. నా పుస్తకాన్ని పాడుచేశారని ఒక విద్యార్థి కోపంగా మీ దగ్గరికి వస్తే నవ్వకండి. కూర్చోబెట్టి అడగండి: ఏం తీశారు? అది వుంటే ఎవరికి ఇబ్బంది? తీసినందువల్ల ఎవరు మంచివాళ్ళయ్యారు? ఎవరు కనబడకుండా పోయారు? యీ నాలుగు ప్రశ్నలకూ జవాబు వెతికిన విద్యార్థికి ఎలుగుబంటి పేరు గుర్తుండకపోవచ్చు. రోజర్ గుర్తుంటాడు.