పైన ప్రశాంతం.. లోపల 200 మీటర్ల అలలు! ఆ సముద్రంలో అసలేం జరుగుతోంది?

పైనుంచి చూస్తే పెద్దగా అలజడే ఉండదు. కానీ లోపల మాత్రం 200 మీటర్లకు పైగా ఎత్తున్న అలలు లేస్తుంటాయి. తైవాన్, ఫిలిప్పీన్స్ మధ్య ఉన్న లూజాన్ జలసంధిలో పుట్టి, దక్షిణ చైనా సముద్రంలోకి వెళ్లే అలలివి.

ఎలా పుడతాయి?
సముద్రంలో పైన వెచ్చని, తేలికైన నీరు.. కింద చల్లని, బరువైన నీరు ఉంటుంది. ఆటుపోట్ల ప్రవాహం అడుగునున్న కొండల మీదుగా పోయేటప్పుడు ఈ పొరలు పైకీ కిందకీ ఊగుతాయి. అవే అంతర్గత అలలు. పడమర దిక్కుగా వందల కిలోమీటర్లు ప్రయాణిస్తాయి.

విరిగితే ఏమవుతుంది?
లోతు తగ్గే చోట అల విరుగుతుంది. నీరు సుడులు తిరిగి, పొరలు ఒకదాంట్లో ఒకటి కలిసిపోతాయి. పైనున్న వేడి కిందకు దిగుతుంది. అడుగునున్న పోషకాలు పైకొస్తాయి. డాంగ్షా దీవి దగ్గరి పగడాలకు ఎండాకాలంలో ఈ చల్లని నీరే ఊరట.

మనకేంటి సంబంధం?
మన అండమాన్ సముద్రంలోనూ ఇలాంటి అలలున్నాయి. ఉపగ్రహ చిత్రాల్లో పొడవాటి చారల్లా కనిపిస్తాయి. అంతకంటే పెద్ద విషయం ఇంకోటుంది. గ్రీన్‌హౌస్ వాయువుల వల్ల భూమిపై పేరుకుంటున్న వేడిలో దాదాపు 90 శాతం సముద్రాల్లోకే వెళ్తోంది. అది ఎంత లోతుకు చేరుతుందనేది కొంతవరకు ఈ కలయికే తేలుస్తుంది.

చిక్కేంటంటే.. ఈ సుడులు సెంటీమీటర్లు, మీటర్ల సైజులో ఉంటాయి. వాతావరణ మోడళ్లు సముద్రాన్ని కిలోమీటర్ల గడులుగా చూస్తాయి. అందుకే శాస్త్రవేత్తలు వీటిని అంచనాతోనే లెక్కేస్తున్నారు. ఆ అంచనా తప్పితే.. రేపటి వేడి లెక్కలూ తప్పుతాయి!